ఆపరేషన్ అయింది, మరి ఆరాం ఏదీ?

మన ఖందాన్‌లలో ఆడమనిషికి గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజు ప్రతి నోటా ఒకే మాట వినబడుతుంది. "అల్హందులిల్లాహ్, ఆపరేషన్ అయిపోయింది, ఇక ఫికర్ లేదు." షుక్ర్ చేయడం మీద నాకు ఏ ఏతరాజ్ లేదు. ఆ రెండో ముక్క మీదే నా జగ్డా. ఫికర్ లేదని ఎవరు చెప్పారు? డాక్టరైతే చెప్పలేదు. మూడు నెలలు జాగ్రత్త అన్నాడు. ఆ మూడు నెలల మాటే ఆసుపత్రి గేటు దగ్గర మర్చిపోయి వచ్చాం.

నా దావా సూటిగా చెప్తాను. ఆపరేషన్ తర్వాతి ఆ మూడు నెలలు కూడా ఇలాజే. ఆ రోజుల్లో మరీజ్‌కి నడక కావాలి, ఊపిరి కస్రత్ కావాలి, కలత లేని నిద్ర కావాలి, మెల్లగా కాళ్లు నొక్కే చెయ్యి కావాలి, దిల్ విప్పి మాట్లాడుకునే మనిషి కావాలి. మందులతో పాటు ఇవన్నీ కలిపి ఇవ్వడాన్నే ఇప్పుడు పెద్దాసుపత్రుల్లో ఇంటిగ్రేటివ్ థెరపీ అంటున్నారు. మన మగవాళ్లకు ఇందులో ఎంతో కొంత దొరుకుతోంది. మన ఆడవాళ్లకు దొరుకుతున్నవి రెండే. ఒకటి బావర్చీఖానా, రెండోది నుస్ఖా.

ముందు బావర్చీఖానా సంగతి చూద్దాం.

బైపాస్‌లో గానీ, మామూలు పద్ధతిలో చేసే వాల్వ్ ఆపరేషన్‌లో గానీ ఛాతీ మధ్య ఎముకను రంపంతో నిలువునా కోస్తారు. పని అయ్యాక స్టీలు తీగతో కట్టి మూసేస్తారు. పైన చర్మం పది పదిహేను రోజుల్లో మానినట్టు కనబడుతుంది. లోపలి ఎముక గట్టిగా అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా రెండు మూడు కిలోలకు మించి బరువెత్తొద్దు, తొయ్యొద్దు, లాగొద్దు అంటారు. ఇప్పుడు మన ఇంటి సామాను లెక్కేయండి. నిండు బిందె పదిహేను కిలోలు. దావత్ డేగ్చా కాదు, రోజూ వండే అన్నం గిన్నె దించినా ఆ బరువు దాటుతుంది. తడి దుప్పటి పిండడం, చపాతీ పిండి పిసకడం, మనవణ్ణి చంకనెత్తుకోవడం, ఇవన్నీ ఆ తీగల మీద పడే పనులే.

అబ్బాకు బైపాస్ అయితే ఇల్లంతా మారిపోతుంది. టీవీ వాల్యూం తగ్గుతుంది. ఉప్పు తక్కువ వేసి సాలన్ వేరే వండుతారు. కొడుకు పొద్దున్నే వాకింగ్‌కి తీసుకెళ్తాడు. అమ్మీకి బైపాస్ అయితే? నెల తిరక్కుండా అమ్మీ తన పర్హేజీ ఖానా తానే వండుకుంటూ ఉంటుంది, అందరికీ ఉప్పుకారాలు వేసిన సాలన్ పక్క పొయ్యి మీద పెట్టి. "నువ్వే లేకపోతే ఇల్లు నడవదు అమ్మీ" అంటాం. అది ముహబ్బత్ అనుకుంటాం. కుట్లు ఆరని మనిషిని పొయ్యి దగ్గరికి పిలిచే తియ్యటి మాట అది.

బైపాస్ అయినవాళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లకు ప్రాణాపాయం ఎక్కువని ఎన్నో దేశాల లెక్కలు చెప్తున్నాయి. ఆడవాళ్ల రక్తనాళాలు సన్నవి, అదొక కారణం. వాళ్లు ఆసుపత్రికి ఆలస్యంగా వస్తారు, అది ఇంకో కారణం. ఆయాసం వస్తే ఒళ్లు పెరిగిందంటాం. వీపులో, దవడలో నొప్పి వస్తే గ్యాస్ అంటాం. ఆపరేషన్ తర్వాత గుండెకు మళ్లీ బలం తెచ్చే శిక్షణను కార్డియాక్ రిహాబ్ అంటారు. కొలిచి నడిపించడం, ఖానా గురించి చెప్పడం, మనసు కనిపెట్టడం అందులో ఉంటాయి. ఆ శిక్షణకు ఆడవాళ్లను పంపేదీ తక్కువే, వాళ్లు చివరిదాకా వెళ్లేదీ తక్కువే. ఇది మన బస్తీ ఒక్కదాని సంగతి కాదు, ప్రపంచమంతటా ఉన్నదే. కానీ మన దగ్గర దానికి ఇంకో తాళం కూడా పడింది. ఆమెను ఎవరు తీసుకెళ్లాలి? ఏ బస్సులో? తిరిగొచ్చేదాకా వంట ఎవరు చేయాలి?

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మన గరీబ్ ఇళ్ల ఆడవాళ్లకు గుండె ఆపరేషన్ అందే దారి తెరుచుకుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆ హద్దు 10 లక్షలైంది. నేను ఆ స్కీముకు దువా ఇచ్చేదాన్నే. కానీ ఆపరేషన్‌కి కార్డు పట్టుకుని పరిగెత్తిన మనం, ఆ తర్వాతి నడకకు వీధి చివరి దాకా తోడు వెళ్లం. లక్షల రూపాయల ఇలాజ్‌ని మూడు నెలల లాపర్వాయీతో పాడు చేస్తున్నాం.

ఇక నుస్ఖా.

మా దూరపు ఖాలా ఒకామెకు మైట్రల్ వాల్వ్ మార్చారు, మెటల్ వాల్వ్. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ వెనకే కీళ్ల జ్వరం, ఆ తర్వాత ఏళ్లకు గుండె వాల్వ్ పాడైపోవడం. ఇరుకు గదుల్లో పదిమంది పడుకునే ఇళ్లలో ఈ కహానీ ఎక్కువ. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లు బతికినంతకాలం రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి గోలీ వేసుకోవాలి. ఐ.ఎన్.ఆర్. అనే రక్త పరీక్షతో దాన్ని కొలుస్తారు. మైట్రల్ చోట మెటల్ వాల్వ్ ఉంటే ఆ అంకె మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు. తగ్గితే వాల్వ్ మీద రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు వెళ్తే ఫాలిజ్. పెరిగితే లోపల రక్తం కారుతుంది. కత్తి అంచు మీద నడక అది. ఆ ఖాలాకు డిశ్చార్జ్ రోజు ఇచ్చిన కాగితం నేను చూశాను. మూడు పేజీలూ ఇంగ్లీషే. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడటం వచ్చు.

ఆ ఖాళీలోకే నుస్ఖాలు దూరుతాయి. వాట్సాప్‌లో తిరిగే ఆ షర్బత్ సంగతి మీ అందరికీ తెలుసు. అల్లం రసం, వెల్లుల్లి రసం, నిమ్మరసం, యాపిల్ సిర్కా, తేనె కలిపి కాచి తాగితే బ్లాకులు కరిగిపోతాయట. కరగవు. సాలన్‌లో వేసుకునే అల్లం వెల్లుల్లితో భయం లేదు. రోజూ గ్లాసుల కొద్దీ ఆ రసం, పైగా పసుపు గోలీలు, కలోంజీ గోలీలు రక్తం పలచబరిచే మందుతో కలిస్తే అంకె ఎటు పోతుందో చెప్పలేం. ఖమీరాలు గుండెకు తాఖత్ అని సీసాలు తెచ్చిపెడతాం. వాటిలో సగం చక్కెరో తేనో అని షుగర్ ఉన్న అమ్మీకి ఎవరూ చెప్పరు. కుష్తా అంటే భస్మం చేసిన లోహమని చెప్పరు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి గోలీ కూడా వార్ఫరిన్‌తో కలిస్తే కడుపులో రక్తం కార్పించగలదు.

అందరికంటే నాకు కోపం తెప్పించేది హిజామా దుకాణాలు. సున్నత్ పేరు బోర్డు మీద రాసుకుంటే చాలదు భాయీ. రక్తం పలచబడే మందు వేసుకుంటున్న మనిషి వీపు మీద బ్లేడు గాట్లు పెడుతున్నావు. ఆ గాటులోంచి రక్తం ఆగకపోవచ్చు. ఆ గాటులోంచి క్రిములు వెళ్లి మార్చిన వాల్వ్ మీద కూర్చుంటే ఆమె ప్రాణానికే ఖత్రా. "ఏం మందులు వాడుతున్నారు?" అని అడగని హజ్జాంకి మన ఆడవాళ్ల వీపు అప్పగించొద్దు. గుండె జబ్బులు నయం చేస్తామని అడ్వర్టైజ్‌మెంట్ ఇవ్వడాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టమే మనా చేసింది. డెబ్బై ఏళ్లు దాటినా మన గోడల మీద ఆ పోస్టర్లు చిరగలేదు.

ఇంతవరకు చదివి నేను యునానీకి దుష్మన్ అనుకునేవాళ్లకు ఒక మాట. తిబ్ మన విరాసత్. చార్మినార్ పక్కన నిజామియా దవాఖానా నీడలో పెరిగిన షహర్ మనది. గుండె మందుల మీదే ఇబ్న్ సీనా ఒక రిసాలా రాశాడు. ఆ తిబ్‌లో అస్బాబ్-ఎ-సిత్తా జరూరియా అని ఆరు విషయాలు చెప్తారు. గాలి, తిండి నీళ్లు, ఒంటి కదలిక ఆరాం, మనసు కదలిక ఆరాం, నిద్ర మెలకువ, ఒంట్లో నిలవాల్సినవి నిలవడం పోవాల్సినవి పోవడం. మనిషి సెహత్‌కి ఇవి లేనిదే గతి లేదంటారు. ఇప్పుడు కార్డియాక్ రిహాబ్‌లో చేయించే పని చూడండి. నడక, ఊపిరి, ఖానా, నిద్ర, మనసు. ఈ ఆరింటికీ అదెంత దగ్గరో కనబడుతుంది. సీసాలు అమ్మేవాడు తిబ్‌లోంచి సీసా ఒక్కటే తీసుకుని ఈ ఆరూ పారేశాడు. వీటికి కమీషన్ రాదు కదా. తిబ్‌కు బద్నామీ తెస్తున్నది నేను కాదు, వాడు.

మరి ఏవి నిజంగా పనికొస్తాయి? ఒక్కొక్కటే చెప్తాను. అన్నీ డాక్టర్‌ని అడిగి, మందులు ఒక్కపూట కూడా మానకుండా చేయాల్సినవి.

ఊపిరి కస్రత్. ఆసుపత్రిలో మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇస్తారు. గొట్టంలోంచి గాలి మెల్లగా లోపలికి పీల్చి బంతుల్ని లేపాలి. ఊపిరితిత్తుల కింది భాగం మూసుకుపోకుండా, న్యుమోనియా రాకుండా కాపాడే సామాను అది. మన ఇళ్లలో రెండో వారానికి అది పిల్లల బొమ్మ అయిపోతుంది. అది పిల్లల చేతికి ఇవ్వకండి. దగ్గు వస్తే దిండు ఛాతీకి హత్తుకుని దగ్గమనండి.

నడక. మొదట ఇంట్లోనే ఐదు నిమిషాలు, వారం వారం పెంచుకుంటూ అరగంట దాకా. వీధిలో నడవడానికి షర్మ్ అయితే మిద్దె మీద నడవనివ్వండి. "ఐదు పూటలా నమాజ్ చదువుతుంది, అదే కస్రత్" అనే మౌల్వీ సాబ్‌లకు నా అర్జీ: నమాజ్ ఇబాదత్. దాన్ని వాకింగ్ లెక్కలో కొట్టేయకండి. పైగా ఆ మొదటి వారాల్లో ఆమె చేతుల మీద భారం వేసి సజ్దా చేయకూడదు, కుర్చీలో చదివే రుఖ్సత్ ఉంది.

యోగా. ఈ పేరు వినగానే మన మహల్లాలో ఫత్వా మాటలు మొదలవుతాయి. మంత్రాలు అక్కర్లేదు, సూర్యుడికి దండం అక్కర్లేదు. మెల్లగా గాలి పీల్చి వదలడం, కీళ్లు కదపడం, కళ్లు మూసుకుని స్థిమితంగా కూర్చోవడం ఎవరి మజ్హబ్ సొత్తూ కాదు. యోగా-కేర్ అని మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన దాదాపు నాలుగు వేల మంది మీద ఒక పరీక్ష చేశారు, 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. మరణాలు, మళ్లీ గుండెపోట్లు తగ్గాయని అది రుజువు చేయలేకపోయింది. కానీ వాళ్ల సెహత్ మెరుగైనట్టు వాళ్లకే అనిపించింది, పాత పనులకు తిరిగి వెళ్లడం మెరుగైంది. ఆ పరీక్షలో ఉన్నవాళ్లు ఆపరేషన్ మరీజ్‌లని కాదు, పైగా వాళ్లలో ఆడవాళ్లు చాలా తక్కువ. యోగా గుండెను నయం చేస్తుందని అరిచేవాళ్లూ, యోగా అంటేనే షిర్క్ అని అరిచేవాళ్లూ ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకుంటే మంచిది.

మాలిష్, వినికిడి. ఆపరేషన్ తర్వాత కాళ్లు, చేతులు, భుజాలు మెల్లగా నొక్కితే నొప్పి, గాబరా తగ్గుతాయని పరీక్షల్లో తేలింది. కుట్ల మీద, నరం తీసిన కాలు మీద మాత్రం వద్దు. మెత్తని సంగీతం విన్నవాళ్లలో కూడా గాబరా తగ్గింది. సంగీతం వద్దనుకునే ఇంట్లో తిలావత్ పెట్టండి, నాత్ పెట్టండి. మరీజ్‌కు ఏది సుకూన్ ఇస్తే అది.

ఒక సంగతి రాయడానికి షర్మ్ అడ్డం రాకూడదు. రొమ్ముల బరువు ఛాతీ కుట్లను రెండు వైపులా లాగుతుంది. నొప్పి పెరుగుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. తీగల్లేని, ముందు హుక్స్ ఉన్న మెత్తటి బ్రా వేసుకుంటే ఆ లాగుడు తగ్గుతుంది. మగ డాక్టర్‌ని అడగలేక, కొడుకుకి చెప్పలేక ఎంతమంది అమ్మీలు ఆ నొప్పి పళ్లబిగువున భరిస్తున్నారో. ఆసుపత్రిలో నర్స్ బెహన్‌ని అడగండి.

ఇక దిల్ సంగతి. గుండె జబ్బు మరీజ్‌లలో సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. ఆడవాళ్లలో అది ఇంకా ఎక్కువ. కారణం లేకుండా ఏడుపొస్తుంది, నిద్ర పట్టదు, గోలీలు వేసుకోబుద్ధి కాదు. మన ఇళ్లలో దానికి రెండే పేర్లు, నాటకం లేదా అసర్. నాటకమైతే తిడతారు, అసరైతే ఆమిల్ దగ్గరికి తీసుకెళ్తారు. ఆమిల్ వేల రూపాయలు తీసుకుంటాడు. అందులో కొంత ఖర్చుతో మానసిక డాక్టర్ చూస్తాడు.

దువా వద్దంటున్నానా? అస్తగ్‌ఫిరుల్లాహ్. 2006లో అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో 1,802 మంది బైపాస్ మరీజ్‌ల మీద ఒక పరీక్ష చేశారు, ముక్కూమొహం తెలియనివాళ్లు దువా చేస్తే చిక్కులు తగ్గుతాయా అని. తగ్గలేదు. దువా జరుగుతోందని ముందే చెప్పినవాళ్లలో చిక్కులు కొంచెం ఎక్కువే కనిపించాయి. దాన్ని పట్టుకుని దువా బేకార్ అనేవాళ్లతో నేను లేను. రబ్‌కీ బందాకీ మధ్య మాటను లెక్కల పట్టికలో కొలవలేం. కానీ ఆ పరీక్షలో మన ఆమిల్‌లకు ఒక జవాబు ఉంది. దువాను గ్యారంటీ రాసిచ్చే మందులా అమ్మొద్దు. అమ్మీ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని దువా చేసే కూతురికి ఫీజు ఉండదు.

రోజా గురించి కూడా తేటగా మాట్లాడుకోవాలి. మరీజ్‌కి రుఖ్సత్ ఇచ్చింది ఖురానే. "అందరూ ఉంటున్నారు, నేను ఎలా ఉండను" అని ఆపరేషన్ అయిన నెలకే సహర్‌కి లేచే అమ్మీలను తఖ్వా అని మెచ్చుకోకండి. నీళ్లు తాగాల్సిన, వేళకు గోలీలు పడాల్సిన ఒళ్లు అది. రంజాన్‌కు నెల ముందే డాక్టర్‌ని అడిగి, మందుల వేళలు రాయించుకుని, వద్దంటే మానేయాలి. గోంగూర కూడా అంతే. అంబాడే కా సాలన్, పాలకూర, మెంతికూరల్లో ఉండే విటమిన్ కె వార్ఫరిన్‌కి ఎదురు పనిచేస్తుంది. అందుకని పూర్తిగా మాన్పించక్కర్లేదు. ఒక వారం దండిగా, ఒక వారం ఏమీ లేకుండా కాకుండా, ఎప్పుడూ ఒకే పాళ్లలో తినాలి.

అన్నిటికంటే పెద్ద జుల్మ్ మన అమ్మాయిల మీద. ఇరవై ఏళ్లకే వాల్వ్ మార్చుకున్న పిల్లకు రిష్తా వస్తే ఛాతీ మీద గీత దాచమంటాం, గోలీలు దాచమంటాం. ససురాల్‌లో చాటుగా వేసుకోలేక ఒక పూట మానేస్తుంది, రెండు పూటలు మానేస్తుంది. ఆ మెటల్ వాల్వ్‌కి షర్మ్ తెలియదు, దాని మీద రక్తం గడ్డకడుతుంది. ఇక హమల్ వస్తే, వార్ఫరిన్ మొదటి నెలల్లో కడుపులో బిడ్డకు హాని చేయగలదు. గర్భం దాల్చకముందే గుండె డాక్టర్, కాన్పుల డాక్టర్ కలిసి ప్లాన్ చేయాలి. దాచిన పిల్ల ఎవరిని అడుగుతుంది? పన్ను పీకించుకునే ముందు కూడా వాల్వ్ సంగతి చెప్పి యాంటీబయాటిక్ వేసుకోవాలి. నిజం చెప్పి కుదిరిన నికాహే నికాహ్. దాచి చేసిన షాదీలో ఆమె ప్రాణం అమానత్‌గా పెట్టి జూదం ఆడుతున్నాం.

"ఇవన్నీ పైసలున్నవాళ్ల మాటలు. బీడీలు చుట్టకపోతే పొయ్యి వెలగని ఇంట్లో ఆరాం ఎక్కడ?" అంటారు. సరైన సవాలే. నిజామాబాద్ వైపు బీడీల చాట ముందు కూర్చునే ఆడవాళ్లను నేను చూశాను. పాతబస్తీలో జర్దోసీ కార్‌ఖానా ముందు వంగి కూర్చునేవాళ్లనూ చూశాను. వాళ్ల మూడు నెలల కూలీ ఎవరిస్తారు? దీనికి మన దీన్‌లోనే జవాబు ఉంది, దాని పేరు జకాత్. ఆపరేషన్ ముందు ఇచ్చి చేతులు దులుపుకోకుండా, ఆపరేషన్ తర్వాత మూడు నెలల రాషన్, మందులు, రక్త పరీక్షల ఖర్చు ఇవ్వండి. మిగిలిన పనులకు పైసలే అక్కర్లేదు. గిన్నెలు కడగడానికి కొడుకు చేతులు చాలు. రసూలుల్లాహ్ (స) ఇంటి పనుల్లో చెయ్యి వేసేవారని మీలాద్ జల్సాల్లో చెప్పుకుంటాం, ఇంటికొచ్చి చాయ్ కప్పు అక్కడే వదిలేస్తాం.

మస్జిద్ కమిటీలకు నా డిమాండ్ ఒకటే. మీ షాదీఖానా, మీ మదర్సా హాలు పగలు ఖాళీగానే ఉంటాయి. వారానికి మూడు రోజులు, గంట సేపు, ఆడవాళ్ల నడకకు, ఊపిరి కస్రత్‌కు ఇవ్వండి. ఒక ఫిజియోథెరపిస్ట్ బెహన్‌ని పిలవండి. తిబ్బీ కాలేజీల్లో చదువుతున్న మన అమ్మాయిలారా, ఖమీరా సీసా కంటే ముందు మరీజ్ వాడే ఇంగ్లీషు మందుల పేర్లు అడగడం నేర్చుకోండి. ఆసుపత్రుల వాళ్లారా, డిశ్చార్జ్ కాగితం తెలుగులో, ఉర్దూలో ఇవ్వండి.

ఇళ్లలో ఉన్న కొడుకులకు, షౌహర్‌లకు చెప్పేది ఇంకా చిన్నది. ఈ పూట అన్నం గిన్నె మీరు దించండి. అమ్మీని మిద్దె మీదికి పంపించి, ఆమె నడక అయ్యేదాకా కిందికి పిలవకండి.